నడుముకు కావలసినది కరెంటా, కదలికా?

వేరే కారణం కనపడక, మూడు నెలలు దాటినా విడువని నడుము నొప్పికి పలు కుటుంబాలవారు వేలాది రూపాయలు వెచ్చించి ‘టెన్స్’ యంత్రం కొంటున్నారు. చర్మానికి అతికించిన పట్టీల ద్వారా స్వల్ప విద్యుత్తును ప్రసరింపజేసి నొప్పిని మరపించడమే దాని పని. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇట్టి నొప్పికి వ్యాయామాన్ని సూచిస్తూ, టెన్స్‌నూ, నడుము బెల్టునూ సాధారణ చికిత్సలో చేర్చరాదన్నది. గురుకులంలో చదివిన నాకూ ఇది సమ్మతమే. మా తైలమర్దనం సైతం ఉపశమనమే. నడుముకు బలమిచ్చేది కదలికే.

కాళ్లు పట్టుతప్పినా, మలమూత్రాలపై అదుపు పోయినా తక్షణం ఆసుపత్రికి వెళ్లాలి. తక్కినవారు నిత్యం నడవండి, నడుమును మెల్లగా వంచి సాచండి. నోటితో ఊపిరి తీయవలసి రాగానే ఆపండి. సుశ్రుతుడు చెప్పిన అర్ధశక్తి అదే. యంత్రానికి పెట్టే సొమ్ము మిగుల్చుకోండి.