మిషన్ తర్వాత.. ముందు బట్ట తెలియాలి

గణపతి పండగొస్తే మండళ్ల పేర్లతో టీషర్టులు. దహీ హండీ వస్తే గోవిందా పథకాల టీషర్టులు. గల్లీ క్రికెట్ పోటీలకు వెనక పేరు, నంబరు. ముంబైలో ఈ గిరాకీ ఏటా ఉండేదే. గ్రాంట్ రోడ్ తూర్పున కామాటిపుర గల్లీల్లో, తెలుగువాళ్ల చాళ్లలో సరైన కొలువు దొరకని కుర్రాళ్ల కన్ను ఈ పని మీద పడితే తప్పేం లేదు. హీట్ ప్రెస్ మిషన్ ఒకటి కొంటే చాలు, పది అడుగుల గదిలోనే దుకాణం పెట్టేయొచ్చని అమ్మేవాళ్లు ఊరిస్తారు. అది సగం నిజమే. మిగతా సగం తెలియకుండా అప్పు చేసి మిషన్ తెస్తే, మూడు ఉతుకులకే బొమ్మా పోతుంది, పేరూ పోతుంది.

ఈ జనానికి బట్ట కొత్త కాదు. నిజాం ఇలాకా నుంచి వచ్చి ఈ నగరాన్ని కట్టిన కామాటీల పేరు మీదే కామాటిపుర వెలిసింది. తర్వాత తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలీలు వర్లీ, లోయర్ పరేల్ మిల్లుల్లో మగ్గాలు నడిపారు. 1982 జనవరి 18న మొదలైన సమ్మెలో దాదాపు రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు దిగారు. ఆ తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. బట్టను వేళ్లతో నలిపి అందులో ఏ నూలుందో చెప్పగల పెద్దవాళ్లు ఆ ఇళ్లలోనే ఉండేవారు. హీట్ ప్రెస్ పనికి ముందు కావాల్సింది ఆ విద్యే.

ఏ బట్టకు ఏ అచ్చు?

సబ్లిమేషన్‌లో కాగితం మీది రంగు సుమారు 200 డిగ్రీల వేడికి ఆవిరై పాలిస్టర్ దారంలోకి ఇంకిపోతుంది. ఉతికినా పోదు. కానీ కాటన్ మీద నిలవదు, నల్లబట్ట మీద కనపడదు. పేర్లు, నంబర్లకు వినైల్ షీటు కోసి, 150-160 డిగ్రీల దగ్గర పది పదిహేను సెకన్లు అదిమితే అతుక్కుంటుంది. డీటీఎఫ్‌లో ఫిల్ము మీద అచ్చు, దాని వెనక జిగురు పొడి ఉంటాయి. ఇది కాటన్‌కూ పాలిస్టర్‌కూ, ముదురు రంగులకూ పనికొస్తుంది.

వేడి, సమయం, ఒత్తిడి.. ఈ మూడింట్లో ఒకటి తప్పినా అచ్చు ఊడుతుంది. వానాకాలంలో బట్టలో చెమ్మ ఉంటుంది కాబట్టి ముందు కొన్ని సెకన్లు ఖాళీగా ప్రెస్ చేయాలి. ఎర్ర పాలిస్టర్ మీద తెల్ల అచ్చు వేసి వేడి ఎక్కువ పెడితే అడుగు రంగు పైకొచ్చి తెలుపు కాస్తా గులాబీ అవుతుంది. అందుకే ఒక నమూనా కొట్టి, ఒకరోజు ఆగి, ఐదారుసార్లు ఉతికి చూశాకే యాభై టీషర్టుల ఆర్డరు పట్టాలి.

చాళ్ల వైరింగు తట్టుకుంటుందా?

పదిహేను అంగుళాల మిషన్ దాదాపు 2 వేల వాట్లు లాగుతుంది. అంటే సుమారు 9 ఆంపియర్లు. ఫోను చార్జింగు పెట్టుకునే 6 ఆంపియర్ల ప్లగ్గుకు అది మోయలేని బరువు. పాత చాళ్లలో ఒక గదిలో నిప్పు పుడితే వరసంతా ప్రమాదమే. 16 ఆంపియర్ల సాకెట్టు, విడి వైరు, ఎర్తింగు లేకుండా మిషన్ ఆన్ చేయకూడదు. ఇంటి కనెక్షన్ మీద వ్యాపారం నడపొచ్చో లేదో బెస్ట్ ఆఫీసులో ముందే అడగాలి. జిగురు పొడి కరిగేటప్పుడు వచ్చే పొగ బయటికి పోయే దారీ ఉండాలి. పసిపిల్లలు పడుకునే గదిలో ఆ పని కూడదు.

ఇంకో చిక్కు.. పెద్ద కంపెనీల లోగోలు కొట్టి ఇమ్మని అడిగేవాళ్లుంటారు. ట్రేడ్ మార్కుల చట్టం, 1999 ప్రకారం దొంగ మార్కు వేస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు. నాలుగు డబ్బులకు ఆశపడితే కోర్టు మెట్లెక్కాలి.

మరి ఎలా మొదలెట్టాలి? ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఒక్క ఆర్డరూ లేకుండా మిషన్ కొనొద్దు. డీటీఎఫ్ అచ్చు మీటర్ల లెక్కన కొట్టిచ్చే దుకాణాలున్నాయి. మొదటి ఆర్డర్లకు అచ్చు వాళ్ల దగ్గర కొట్టించి, ప్రెస్ కూలికి చేయించుకోవాలి. గిరాకీ నిలిచాక ముద్రా శిశు కింద 50 వేల దాకా పూచీకత్తు లేని రుణం అడగొచ్చు.

ఇక్కడే కుల సంఘాలు, తెలుగు సమాజాల బాధ్యత వస్తుంది. శాలువాలకూ సన్మానాలకూ పెట్టే ఖర్చులో కొంత తీసి, సమాజం హాల్లో మంచి వైరింగుతో ఒక ప్రెస్ పెడితే పదిమంది కుర్రాళ్లు, ఇంటిపట్టున ఉండే ఆడవాళ్లు వంతులవారీగా పని నేర్చుకుంటారు. ఎవరి నెత్తినా అప్పు పడదు, చాలుకు నిప్పు భయం ఉండదు. వచ్చే గణపతి సీజన్‌కు టీషర్టుల ఆర్డర్లు బయటి దుకాణాలకు పోకూడదనుకుంటే, సంఘాల పెద్దలు ఆ మాట ఇప్పుడే తేల్చాలి.