స్పోర్ట్స్ కారు బ్రేకులు: చక్రం మీద కనబడని ధూళి

దసరా సెలవులకు హైదరాబాదు నుంచి వచ్చిన మా మేనల్లుడు హవేలిఘనపూర్‌లోని మా ఇంటి ముందు తన కొత్త స్పోర్ట్స్ కారును నిలిపి, దిగగానే చేసిన మొదటి పని ముందు చక్రాలను పొడిగుడ్డతో తుడవడం. వెండిరంగు చక్రాలకు మసి వంటి నల్లటి పొడి పట్టి ఉన్నది. "మామా, ధూళి తక్కువ రాలే ప్యాడ్లు వేయిద్దామనుకుంటున్నాను. డిస్కులు కూడా మార్చుకొమ్మంటున్నారు. మీరేమంటారు?" అని అడిగాడు. బ్రేకుల గురించి ఒక విశ్రాంత వైద్యుణ్ణి అడగడమేమిటని పాఠకులు నవ్వుకోవచ్చు. అయితే అతడు ఆ గుడ్డను విదిలించినప్పుడు లేచిన పొడిని పీల్చిన ఊపిరితిత్తులు నా శాఖకు చెందినవే కనుక నా అభిప్రాయం చెప్పే హక్కు నాకున్నదని భావిస్తున్నాను.

ముందుగా ఆ పొడి ఎక్కడిదో తెలుసుకుందాం. బ్రేకు నొక్కినప్పుడు ప్యాడు డిస్కును ఒరుసుకుంటుంది, రెండూ అరుగుతాయి. డిస్కు సాధారణంగా పోత ఇనుముతో చేసినది కాబట్టి పొడిలో ఇనుము పాలు ఎక్కువ. ప్యాడు నుంచి రాగి, ఆంటిమొనీ, బేరియం వంటివి వచ్చి కలుస్తాయి. బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందుకు మొగ్గుతుంది కనుక ముందు చక్రాలకే పని ఎక్కువ, నలుపూ ఎక్కువ. ఐరోపా స్పోర్ట్స్ కార్లలో వాడే ప్యాడ్లు డిస్కును గట్టిగా పట్టుకొనే రకానివి. పట్టు బాగుంటుంది, దానికి తగినట్లే అరుగుదలా ఉంటుంది.

సిరామిక్ ప్యాడ్లు డిస్కును అంతగా తినవు, పొడి తక్కువ. ఇంతవరకు ప్రకటనలు చెప్పేది నిజమే. వాటి పొడి రంగు లేతగా ఉంటుందన్న సంగతిని మాత్రం కొనుగోలుదారు గమనించడు. చక్రం శుభ్రంగా కనబడడానికి అదీ ఒక కారణం. నల్లగా అంటుకొని కనబడేవి కొంత పెద్ద రేణువులు. చక్రానికి అంటుకోని సన్నటి రేణువులు గాలిలో కలుస్తాయి. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. 10 మైక్రాన్ల లోపు రేణువు శ్వాసనాళాలలోకి దిగుతుంది, 2.5 మైక్రాన్ల లోపుది గాలితిత్తుల అడుగు వరకు పోతుంది. అక్కడి నుంచి దాన్ని దగ్గి బయటకు తేలేము. ఆస్తమా ఉన్నవారికి, గుండెజబ్బు ఉన్నవారికి ఇటువంటి సూక్ష్మధూళి ఎంత చేటో ఈ పుటల్లో పలుమార్లు వ్రాశాను.

ఇంకొక మాట. బండి ఎక్కడ బ్రేకు వేస్తుంది? స్పీడ్ బ్రేకరు దగ్గర, బడి ముందు, బస్సు ఆగే చోట, సిగ్నలు దగ్గర. మనుషులు నిలబడే చోటే ఈ పొడి ఎక్కువగా రాలుతుంది. మెదక్ బస్టాండులోనో, మా ఊరి డైట్ కళాశాల ముందో బస్సు కోసం నిలుచున్న పిల్లలకు కారు చక్రం ఎంత తళతళలాడుతున్నదన్నది పట్టదు.

పొగగొట్టం నుంచి వచ్చే పొగకు మన దేశంలో బీఎస్ 6 నిబంధనలు ఉన్నాయి. బ్రేకు పొడికి వాటిలో పరిమితి లేదు. ఐరోపా సమాఖ్య 2024లో ఆమోదించిన యూరో 7 నిబంధనలు తొలిసారిగా ఈ లెక్క అడిగాయి: పెట్రోలు, డీజిలు కార్లకు కిలోమీటరుకు 7 మిల్లీగ్రాములు, పూర్తి విద్యుత్తు కార్లకు 3 మిల్లీగ్రాములు. విద్యుత్తు కారు వేగం తగ్గించేటప్పుడు మోటారే చాలావరకు బ్రేకు పని చేస్తుంది కనుక ఆ తేడా. అమెరికాలోని కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాలు 2010లోనే ప్యాడ్లలోని రాగిని తగ్గించాలని చట్టాలు చేశాయి. వానకు కొట్టుకుపోయిన రాగి నీటిలోని చేపలకు హాని చేస్తుందన్నది కారణం. మన తొలకరి వానలు కూడా రోడ్డు మీది పొడిని చెరువుల్లోకే చేరుస్తాయి.

డిస్కుల విషయానికి వస్తే, పోర్షే సంస్థ టంగ్‌స్టన్ కార్బైడ్ పూత పూసిన డిస్కులను తెచ్చింది. పొడి తక్కువని చూపించడానికి వాటి క్యాలిపర్లకు తెల్లరంగు వేశారు! ఉపాయం బాగుంది. అటువంటి గట్టి పూత అరుగుదలను నిజంగానే తగ్గిస్తుంది కనుక, స్తోమత ఉన్నవారు కొంటే నాకు అభ్యంతరం లేదు. అయితే పూత డిస్కుకు దానికి తగిన ప్యాడే వేయాలి. ఒకచోట డిస్కు, మరొకచోట ప్యాడు కొని జత కలపడం మంచిది కాదు.

నన్ను అసలు బాధించే దృశ్యం వేరు. మెకానిక్కు షెడ్డులో చక్రం విప్పగానే పని నేర్చుకొంటున్న కుర్రవాడు కంప్రెసరు పైపు తీసుకొని బ్రేకు మీద గాలి కొడతాడు. క్షణంలో పొడి అంతా మబ్బులాగా లేచి అతని ముఖాన్ని కమ్ముతుంది. మూతికి గుడ్డ కూడా ఉండదు. యజమాని ఆ పక్కనే టీ తాగుతూ ఉంటాడు. మనమూ తాగుతూ ఉంటాము. కారు నడిపేవాడు ఏడాదిలో పీల్చే పొడికి, ఆ కుర్రవాడు ఒక్క పూటలో పీల్చే పొడికి పోలిక వెతకడం కూడా అన్యాయమే.

ఇందులో ఆస్బెస్టాస్ సంగతి ఉన్నది. మన ఇళ్ల మీది సిమెంటు రేకుల్లో ఉండే ఖనిజమే వేడిని తట్టుకుంటుందని దశాబ్దాల పాటు బ్రేకు లైనింగుల్లోనూ వాడారు. అన్ని రకాల ఆస్బెస్టాస్ క్యాన్సరు కారకమేనని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ తేల్చింది. అమెరికా 2024 మార్చిలో తెల్ల ఆస్బెస్టాస్‌ను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. విడిగా అమ్మే బ్రేకు భాగాలు కూడా అందులో ఉన్నాయి. మన దేశంలో తెల్ల ఆస్బెస్టాస్ మీద సంపూర్ణ నిషేధం లేదు. బ్రేకు వేడికి ఆ పోగులలో అధికభాగం హానిలేని రూపానికి మారిపోతుందన్న మాట వాస్తవమే. కాని అన్నీ మారవు. పైగా కొత్త లైనింగును అరగదీసేటప్పుడు మారని పోగులే లేస్తాయి. వాటివల్ల ఊపిరితిత్తుల పొరకు వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సరు బయటపడడానికి ఇరవై నుంచి నలభై ఏళ్లు పడుతుంది. కుర్రతనంలో పీల్చినదానికి ముసలితనంలో ఎక్సరే తీయవలసి వస్తుంది. అప్పటికి ఏ షెడ్డులో పీల్చాడో అడిగేవారుండరు.

నివారణకు పెద్ద ఖర్చేమీ లేదు. వారానికి అయిదు జతలకు మించి బ్రేకు పని చేయని చిన్న షాపులు నీటితో తడిపి తుడిచినా సరిపోతుందని అమెరికా కార్మిక భద్రతా నిబంధనలే అంగీకరించాయి. ఒక స్ప్రే సీసా, నీళ్లు, కాస్త సబ్బు, ఒక గుడ్డ. తడిపి తుడిచిన గుడ్డను ఆరనీయకుండా సంచిలో కట్టి పారవేయాలి. పొడిగా చీపురుతో ఊడ్చరాదు.

మా మేనల్లునికి చెప్పినది ఇదే: "సిరామిక్ ప్యాడ్లు వేయించు. నువ్వు కారును రేసు పందేనికి కొండదారులకు తీసుకుపోవడం లేదు, హైదరాబాదు ట్రాఫిక్కులో నడుపుతున్నావు. వేగంగా నడిపేవానికైతే, వేడెక్కినప్పుడు పట్టు సడలని ప్యాడే ముఖ్యం. పొడి తర్వాతి మాట. పెట్టె మీద ఆస్బెస్టాస్ లేదని వ్రాసి ఉన్నదో లేదో చూడు. అతి చవకగా వచ్చే పేరులేని సరుకు వద్దు. ముందు రెండు చక్రాలకూ ఒకేసారి మార్పించు. డిస్కులు మందం తగ్గకుండా, గాడులు పడకుండా ఉంటే వాటి జోలికి పోవద్దు. చక్రాలు కడుగు, పొడిగుడ్డతో తుడవకు. ముందు బండికి తగినంత ఎడమిచ్చి నడిపితే ఏ ప్యాడైనా తక్కువే రాలుతుంది." చివరిగా, గాలి కొట్టనీయవద్దని చెప్పాను. ఈ ఒక్క మాటకు మాత్రం అతడు ఇబ్బందిపడ్డాడు. "నేను చెబితే వింటారా మామా?" అన్నాడు.

పదిహేను రోజుల తర్వాత ఫోను చేశాడు. ప్యాడ్లు మార్పించాడట, చక్రాలు శుభ్రంగా ఉంటున్నాయట. తడిపి తుడిచారా అని అడిగాను. "సీసా నేనే పట్టుకుపోయిన మామా. మొదట నవ్విన్రు. తర్వాత ఆ సీసా అక్కడే ఉంచుకున్నరు" అన్నాడు.