ముందున్నదల్లా విశేషణం కాదు

పదిహేనేళ్ల కిందట ఒక ఆంగ్ల కథను తెనిగిస్తూ, ‘ఫ్రెంచ్ టీచర్’ అన్న చోట ‘ఫ్రాన్సు దేశపు ఉపాధ్యాయిని’ అని రాశాను. కథ అచ్చయింది. కొద్ది రోజులకు ఒక పాఠకుడి నుంచి ఉత్తరం వచ్చింది: “అయ్యా, ఆమె లండనులోనే పుట్టి పెరిగిందని కథ చివర మీరే రాశారు గదా!” నిజమే. ఆమె ఫ్రెంచి భాష బోధించే ఆంగ్ల వనిత. ఒక్క మాటను సరిగా పోల్చుకోలేక నేను మనిషి దేశాన్నే మార్చివేశాను.

నామవాచకానికి ముందు నిలిచి దానిని విశేషించేది విశేషణమని బడిలో నేర్చుకున్నాం. పొరపాటుకు మూలం అదే. తెలుగులో నామవాచకం మరో నామవాచకానికి ముందు నిలిచేటప్పుడు తరచు రూపం మార్చుకుంటుంది: రాయి, రాతి గోడ; ఇల్లు, ఇంటి తలుపు. ఆంగ్లంలో ‘స్టోన్ వాల్’ అన్నప్పుడు ‘స్టోన్’ రూపం మారదు, జాతీ మారదు. అది నామవాచకమే.

మరి పోల్చుకోవడం ఎలా? మాటకు ముందు ‘వెరీ’ చేర్చి చూడండి. ‘వెరీ హై వాల్’ కుదురుతుంది. ‘వెరీ స్టోన్ వాల్’ కుదరదు. తర్వాత ఆ మాటను ‘ఈజ్’ వెనుకకు జరపండి. ‘ది వాల్ ఈజ్ హై’ అంటే అర్థం చెడదు. ‘ది టీచర్ ఈజ్ ఫ్రెంచ్’ అంటే మాత్రం ఆమె ఫ్రాన్సు దేశస్థురాలే అవుతుంది; భాషాబోధన అన్న అర్థం జారిపోతుంది. ఆ అర్థంలో ‘ఫ్రెంచ్’ ఒక భాష పేరు, అంటే నామవాచకం. పలుకుబడిలోనూ తేడా ఉంది. భాష బోధించే మనిషిని చెప్పేటప్పుడు ఆంగ్లేయులు ‘ఫ్రెంచ్’ను ఒత్తి పలుకుతారు, దేశాన్ని చెప్పేటప్పుడు ‘టీచర్’ను ఒత్తుతారు. అచ్చులో ఆ ఒత్తు కనిపించదు.

ఈ పరీక్షలకూ హద్దు ఉంది. ‘మెయిన్ రోడ్’లో ‘మెయిన్’ విశేషణమే అయినా ‘వెరీ మెయిన్’ అనరు, ‘ది రోడ్ ఈజ్ మెయిన్’ అనీ అనరు. కనుక పరీక్షలో తప్పినంత మాత్రాన నామవాచకమని తీర్పు చెప్పరాదు.

ఇందుకు ఎదురుగా, నామవాచకంలా కనిపించే విశేషణాలున్నాయి. ‘ది పూర్’ అంటే పేదలు. అయినా ఒక పేదవాణ్ణి ‘ఎ పూర్’ అనరాదు, బహువచనానికి ‘పూర్స్’ అనరాదు. ‘ది వెరీ పూర్’ అనవచ్చు. ‘ఇండియన్’ అలా కాదు. ‘ఏన్ ఇండియన్’, ‘ఇండియన్స్’ రెండూ చెల్లుతాయి. అక్కడ అది అచ్చమైన నామవాచకం.

మన బడిలోని ‘ఇంగ్లీష్ టీచర్’ను ఇంగ్లండు మనిషి అని ఎవరూ పొరబడరు. అక్కడ అలవాటు మనల్ని కాపాడుతుంది. అలవాటు తోడు రాని చోట వ్యాకరణమే దిక్కు. ఆ కథ రెండవ ముద్రణకు వచ్చినప్పుడు, ఆ ఉపాధ్యాయినిని నేను ముందుగా లండనుకు చేర్చాను.