నల్లకోటు వేసుకున్న ప్రతినాయకుడు

సినిమాలో కోర్టు సీను వచ్చిందంటే ఎవరు మంచి వకీలో, ఎవరు చెడ్డ వకీలో మన ఇంట్లో చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. ముద్దాయి తరఫున నిలబడ్డవాడు డబ్బుకు అమ్ముడుపోయినవాడే! 1993లో వచ్చిన హిందీ ‘దామిని’లో అమ్రిష్ పురి వేసిన వకీలు వేషం గుర్తుందా? నిజం చెప్పబోయిన ఆడకూతురికి పిచ్చి అంటగట్టడానికే ఆయన తెలివంతా ఖర్చయింది. ఆ వేషం అంత బాగా పండబట్టే, ముద్దాయి వకీలంటే అబద్ధాలకోరు అన్న ముద్ర మన మనసుల్లో ఇంకా గట్టిపడింది.

మంచి క్రిమినల్ లాయర్లు సినిమాల్లో లేరా అంటే, ఉన్నారు. 2016 నాటి ‘పింక్’ కథను ముంబైలో మనవాళ్లు హిందీలో చూశారు, చెన్నైలో మనవాళ్లు 2019లో ‘నేర్కొండ పార్వై’గా చూశారు, 2021లో అందరం ‘వకీల్ సాబ్’గా చూశాం. 2025లో తెలుగులో ‘కోర్ట్’ వచ్చింది. వీటిలో వకీలు దేవుడే. కాని ఒక షరతు ఉంది, గమనించారా? తీర్పు రాకముందే మన జాలి అంతా ముద్దాయివైపు ఉంటుంది. అంటే, నిర్దోషి అని మనకు నమ్మకం కుదిరినవాడికే వకీలు ఉండాలన్నమాట!

దోషి ఎవరో తేల్చడానికే కదండీ కోర్టు? రాజ్యాంగం 22వ అధికరణం అరెస్టయిన ప్రతివారికీ తమకు నచ్చిన వకీలును పెట్టుకునే హక్కు ఇచ్చింది. మంచివాళ్లకు మాత్రమే అని అందులో లేదు. ముద్దాయి దోషి అని తనకు అనిపించినా వకీలు వాదించాల్సిందేనని బార్ కౌన్సిల్ నియమం. కోయంబత్తూరులో కొందరు పోలీసుల తరఫున ఎవరూ వాదించరాదని అక్కడి న్యాయవాదుల సంఘం తీర్మానం చేస్తే, అలాంటి తీర్మానాలు చెల్లవని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఈ ముద్రవల్ల డబ్బున్నవాడికి వచ్చే నష్టం లేదు. పేదవాడికే కష్టం. 1871లో తెల్లదొరలు చేసిన నేరస్థ జాతుల చట్టం కొన్ని కులాలను పుట్టుకతోనే దొంగలంది. ఆ చట్టం నీడలో వెలసినదే బాపట్ల దగ్గరి స్టువర్టుపురం. 1952లో చట్టం రద్దయింది. సినిమాలు మాత్రం ఆ ఊరిని వదల్లేదు. 1991లో ‘స్టువర్టుపురం దొంగలు’, 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’ వచ్చాయి. ఆ ఊరి కుర్రవాడు రేపు బోనెక్కితే, సాక్షి నోరు విప్పకముందే మనం తీర్పు చెప్పేయమూ?

ఇది మనకు దూరపు సంగతేమీ కాదు. పరాయి రాష్ట్రంలో కూలికి వచ్చిన తెలుగువాడు అక్కడి భాష రాక ఏదో కేసులో చిక్కుకోవచ్చు. సాక్ష్యాన్ని అతనికి అర్థమయ్యే భాషలో చెప్పించాలని చట్టం ఉంది. అడిగేందుకు పక్కన వకీలు ఉండాలిగా! కస్టడీలో ఉన్నవారికి, స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగలవారికి రాబడితో నిమిత్తం లేకుండా న్యాయసేవా సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఫోను నంబరు 15100. ఇంట్లో రాసిపెట్టుకోండి.

ఈసారి సినిమాలో ముద్దాయి వకీలు లేచి నిలబడగానే పిల్లలు “వీడే విలన్” అంటారు. అప్పుడు “ఆయన కూడా లేకపోతే ఆ ముద్దాయి మాట ఎవరు చెబుతారు?” అని ఒక్కసారి అడిగి చూడండి. వాళ్లేమన్నారో మన పత్రికకు రాయండి.