తప్పిన పిల్లలకు కావలసింది
పదో తరగతి ఫలితాల్లో 2024లో 96.37, 2025లో 93.90 శాతం ఉత్తీర్ణతతో పార్వతీపురం మన్యం జిల్లా ఆంధ్రప్రదేశ్‌లో మొదట నిలిచింది. ఒకప్పుడు విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఉన్న ఈ పల్లెలకు ఇది నిండైన గర్వకారణం. ఇక ఆలోచించవలసింది తప్పిన కొద్దిమంది గురించే. ‘లెక్కలు నా బుర్రకెక్కవు’ అనుకున్న విద్యార్థి సప్లిమెంటరీకి పుస్తకం తెరవడానికే జంకుతాడు. ‘చదివిన తీరు సరిపోలేదు’ అనుకున్నవాడు మళ్లీ కూర్చుంటాడు. వైఫల్యానికి చెప్పుకొనే కారణం మార్చుకోగలిగినదైతేనే ఆశ నిలుస్తుందని మనస్తత్వవేత్త బెర్నార్డ్ వీనర్ సిద్ధాంతం. అలాగని రాత్రింబవళ్లు చదివి తప్పిన బిడ్డకు ‘ఇంకా కష్టపడు’ అనడం క్రూరత్వం. పొరపాటెక్కడో చూపి, వేరే పద్ధతి నేర్పాలి. తల్లిదండ్రులు వలసపోయిన ఇంట్లోని లోటును బిడ్డ తెలివితక్కువతనంగా లెక్కకట్టకూడదు. ‘మొద్దు’ అన్న మాటను ఉపాధ్యాయులు, ఇంటి పెద్దలు ఇకనైనా మానుకోవాలి.