తుక్కు లారీలలోని చమురు

ఏ పట్టణపు ఇనుప సామాను వాడకు పోయి చూచినను ఒక దృశ్యము కనబడును. రోడ్డుపై బోల్తాపడి ముఖము నలిగిన లారీ యొకటి క్రేనుకు వ్రేలాడుచు వచ్చి షెడ్డు ముందర దిగును. సాయంత్రమునకు దాని టైర్లు పోవును. మరునాడు ఇంజినును, గేరుబాక్సును బేరమునకు వచ్చును. తరువాత తలుపులు, స్ప్రింగు కట్టలు, ఇరుసులు ఒక్కటొక్కటిగా విడిపోవును. కడపట గ్యాస్ కట్టరు మంట ఛాసిస్ మీదికి వచ్చును. ఈ వృత్తిని నిందించుట మా యభిమతము కాదు. విజయవాడ జవహర్ ఆటోనగరము వంటి చోట్ల ఇట్టి పాత సామాను దొరకనిచో, ధాన్యమును తోలుకొను రైతుకును, రెండు మూడు లారీలు త్రిప్పుకొను గృహస్థునకును బండి బాగుచేయించుట దుర్భర వ్యయమై యుండెడిది. అయితే ఈ వరుసలో ట్యాంకులోని చమురు వంతు ఎన్నడు వచ్చును? మొట్టమొదట రావలసిన ఆ వంతు పెక్కు షెడ్లలో ఎవరికి తోచినప్పుడు వచ్చుచున్నది. ఒక్కొక్కచోట మంట వెలిగించిన పిమ్మట గాని జ్ఞాపకమునకు వచ్చుట లేదు.

దీనికి మూలము డీజిలు అంటుకొనదను దురభిప్రాయము. మండుచున్న అగ్గిపుల్లను డీజిలు గిన్నెలో వేసి ఆర్పి చూపు మేస్త్రీలు మన వాడలలో కొల్లలు. శీతకాలపు ఉదయమున ఆ వినోదము చెల్లిన చెల్లవచ్చును. కాని మన దేశపు ప్రమాణము ప్రకారము డీజిలు ఆవిరి అంటుకొను ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెంటిగ్రేడునకు తగ్గకుండిన చాలును. కృష్ణా, గుంటూరు, ఖమ్మము ప్రాంతములలో మే నెలలో గాలియే 40 డిగ్రీలు దాటును. ఎండలో నిలిచిన ఇనుప ట్యాంకు గాలికంటె మిగుల వేడెక్కును. శీతల దేశములలో డీజిలునకు గల సాధుత్వము మన వేసవిలో నమ్మదగినది కాదు. పెట్రోలు మాట చెప్పనేల? అది గడ్డకట్టు చలిలో సైతము ఆవిరియై అంటుకొనును. ఆ యావిరి గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువైనది గాన పైకెగసి పోక నేలవెంబడి ప్రాకి, బండ్ల క్రింద పనిచేయుటకు త్రవ్విన గుంటలలో నిలుచును. ఇరువది అడుగుల దూరమున నున్న వెల్డింగు రవ్వ దానిని వెదకికొని రానక్కరలేదు. అదియే రవ్వను వెదకికొని పోవును.

ఇంతకంటె ప్రమాదకరమైనది 'ట్యాంకు ఖాళీయే గదా' యను మాట. నిండిన ట్యాంకుకంటె ఖాళీ ట్యాంకు భయంకరమని వినినవారు మొదట నవ్వుదురు. గాలిలో పెట్రోలు ఆవిరి నూటికి ఒకటిన్నర పాలు మొదలు ఏడున్నర పాళ్ల వరకు కలిసినపుడు ఆ మిశ్రమము ప్రేలును. నిండిన ట్యాంకులో గాలికి చోటు తక్కువ. అడుగున గ్లాసెడు చమురు మిగిలిన ట్యాంకులో ఆవిరికిని, గాలికిని కావలసినంత చోటు. డీజిలు ట్యాంకయినచో కట్టరు వేడిమియే ఆ గ్లాసెడు చమురును ఆవిరిగా మార్చి యిచ్చును. కావుననే 1948 నాటి కర్మాగారముల చట్టము తన 37వ సెక్షనులో, మండు పదార్థమున్న పాత్రను ఆ పదార్థమును, దాని ఆవిరిని తొలగించునంతవరకు వెల్డింగునకు గాని మంటతో కోయుటకు గాని లోబరుపరాదని శాసించెను. అయితే పదిమంది పనివారైనను లేని షెడ్డు ఆ చట్టపు నిర్వచనమునకే అందకపోయెను. మన తుక్కు షెడ్లు అనేకము నలుగురైదుగురితో నడచునవే.

చమురు తీయుట బ్రహ్మవిద్య కాదు. దానికి కావలసినది పూటెడు ఓపిక. విరిగిన లారీని చదునైన చోట, ఆరుబయట, పొయ్యికిని వెల్డింగునకును దూరముగా నిలిపి, చక్రములకు దిమ్మలు పెట్టవలెను. జాకీ నొక్కదానిని నమ్మి క్రిందికి దూరరాదు. ఇంజిను పూర్తిగా చల్లారనిచ్చి, బ్యాటరీల ఎర్తు తీగను ముందుగా విప్పవలెను. ప్రమాదములో నలిగిన తీగలు ఎచ్చట ఇనుమును తాకుచున్నవో ఎవరెరుగుదురు? ఆ తరువాత ట్యాంకు మూత మెల్లగా వదులు చేసి లోపలి ఒత్తిడిని పోనిచ్చి, చేతితో త్రిప్పు పంపుతో చమురును పైకి తీయవలెను. క్రొత్త లారీల మూతి గొట్టములో దొంగతనము నివారించుటకు జాలి యుండును. అట్టి తావున అడుగు ప్లగ్గును పానాతో విప్పి క్రింది పాత్రలోనికి దింపుకొనవలెను. ప్లగ్గు తుప్పుపట్టి కదలనపుడు ఉలియు సుత్తియు తీసికొని ట్యాంకుకు బొక్క పొడుచు అలవాటొకటి యున్నది. ఉలిదెబ్బకు రవ్వలు రాలును. రాలిన చోటనే చమురు కారును. పైభాగమున చమురు మట్టము చూపు సాధనమును విప్పి ఆ రంధ్రము ద్వారా పంపు గొట్టమును దింపిన సరిపోవు పనికి ఇంత సాహసమేల?

పాత్ర ఇనుపదై, నేలపై నుండవలెను; లారీ ట్యాంకునకును దానికిని నడుమ ఒక రాగి తీగ కట్టవలెను. గొట్టము వెంట పారు చమురు తనంతట విద్యుత్తును పుట్టించుకొనును. తీగ లేనిచో అది రవ్వయై దూకును. ప్లాస్టిక్ బకెట్టులో పెట్రోలు పట్టువారు ఈ మాట ప్రత్యేకించి గమనింపవలెను. ప్రక్కన ఇసుక బకెట్లును, పొడి చిమ్ము అగ్నిమాపకమును ఉండవలెను. చమురు మంటపై నీరు పోసిన, చమురు నీటిపై తేలి మంటను నాలుగు దిక్కులకు మోసికొనిపోవును. ట్యాంకు ఖాళీయైన పిమ్మట దానిని కోయక, పట్టీల బోల్టులు విప్పి యథాతథముగా దింపుట మేలు. ఫిల్టరులోను, గొట్టములలోను మిగిలినదానిని గూడ వంపుకొనవలెను. గ్యాసుతో నడచు బండ్ల సిలిండర్ల జోలికి మాత్రము సామాన్య మెకానిక్కు పోనేకూడదు. అది వేరు విద్య.

ఇక నోటితో గొట్టము పీల్చుట. ఈ పని సామాన్యముగా షెడ్డులోని అందరికంటె చిన్నవాని పాలబడును. పొరపాటున గ్రుక్కెడు లోనికి పోయినచో దాని అపాయము కడుపులో కంటె ఊపిరితిత్తులలో నెక్కువ. పలుచని చమురు శ్వాసనాళములలోనికి జారినచో ప్రాణాంతకమైన వాపు కలుగును. అట్టివానికి ఉప్పునీరు త్రాగించి వాంతి చేయించుట మన ఇండ్ల వైద్యము. అది చమురును రెండవమారు ఊపిరితిత్తులకు చూపుటయే. వాంతి చేయింపక వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. కొద్దిపాటి ధరకు దొరకు చేతిపంపును కొనలేని యజమాని లారీ నెట్లు కొనెనో మాకు బోధపడకున్నది.

ఓపిక లేకపోవుటకు కారణము లేకపోలేదు. లారీ ట్యాంకులో రెండు మూడు వందల లీటర్లు పట్టును. లీటరు నూరు రూపాయలకు చేరువైన కాలములో అది చిన్న సొమ్ము కాదు. ప్రమాదము జరిగిన స్థలము మొదలుకొని ఆ చమురుపై పదిమంది కన్నుండును. 2017 జూన్ నెలలో పాకిస్థాను బహావల్పూరు సమీపమున బోల్తాపడిన పెట్రోలు ట్యాంకరు చుట్టు డబ్బాలతో మూగిన జనములో 200 మందికి పైగా మరణించిరి. మన షెడ్లలోని ఆశ అంత పెద్దది కాకపోవచ్చును, జాతి మాత్రము అదే. తీసిన చమురును వడకట్టి, నీరు అడుగునకు దిగనిచ్చి పాత పంపుసెట్టునకు వాడుకొనవచ్చును. సున్నితమైన నేటి ఇంజినులలో మాత్రము పోయరాదు. మురికియైనదానిని మురుగు కాలువలో పోయువారు ఆ కాలువ పోయి కలియు నీటినే తమ చేలకు పెట్టుకొనుచున్నారని మరువరాదు.

ప్రభుత్వమువారు చట్టములు చేయకపోలేదు. 2021 సెప్టెంబరులో వాహనముల తుక్కు కేంద్రముల నియమములను ప్రకటించిరి; 2025 ఏప్రిల్ 1వ తేది నుండి కాలము చెల్లిన వాహనముల నియమములు అమలునకు వచ్చినవి. వాహనమును విప్పుటకు ముందు చమురు మొదలగు ద్రవములను తీయవలెనని వీని విధి. కాని నమోదైన పెద్ద కేంద్రముల గోడల లోపల ఈ విధి చెల్లుచుండగా, గోడ వెలుపలి చిన్న షెడ్డులో కట్టరు యథాపూర్వముగా వెలుగుచున్నది. చిన్న షెడ్లను మూయించిన పని ఆగదు. ఊరి వెలుపలి చీకటి దొడ్లలోనికి పోవును. కనుక మూయించుట మాకు సమ్మతము కాదు. ప్రతి ఆటోనగరమునందును సంఘమువారు ఉమ్మడిగా ఒక పందిరి వేసి, పంపును, పీపాలను, తీగలను, అగ్నిమాపకములను, నేర్చిన మనిషి నొకనిని ఉంచవలెను. లారీ మొదట అచ్చటికి పోయి, చమురు తీసినట్లు చీటీ పొందిన గాని షెడ్డునకు రాకూడదు. స్థలము పరిశ్రమల శాఖవారును, శిక్షణ అగ్నిమాపక శాఖవారును ఇచ్చిన, మిగిలిన వ్యయము తీసిన చమురు వెలనుండియే గడచును.

మా పాఠకులలో లారీలు గలవారు అనేకులు. బండి విరిగి పనికిరానపుడు 14 దినములలో రిజిస్ట్రేషను అధికారికి తెలుపవలెనని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 55వ సెక్షను యజమానినే ఆజ్ఞాపించుచున్నది. ఆ దరఖాస్తు వ్రాయునాడే, తుక్కు వర్తకునితో బేరము కుదుర్చుకొను కాగితముపై ట్యాంకు ఎవరు, ఎచ్చట, ఏ తేదిన ఖాళీ చేయుదురో ఒక పంక్తి వ్రాయించుకొనుట యజమానుల చేతిలోని పని. ఈ వేసవి రాకమునుపే అందుకు పూనుకొనవలెనని మా కోరిక.