పాత గీజర్‌కు కొత్త తెలివి: ముందు ఎర్త్ చూడండి

‘గీజర్ ఆఫ్ చేశావా?’ స్నానానికి వెళ్లేవారిని మన ఇళ్లలో పెద్దలు తప్పకుండా అడిగే మాట ఇది. అందులో కరెంటు బిల్లు భయం కొంత, షాక్ భయం మరికొంత. ఇప్పుడు ఈ పనిని ఫోన్‌కు అప్పగిస్తున్నాం.

పోయిన చలికాలంలో నేనూ అదే చేశాను. మా ఇంట్లో పన్నెండేళ్ల నాటి 15 లీటర్ల గీజర్ ఉంది. దాని సాకెట్‌లో ఒక స్మార్ట్ ప్లగ్ పెట్టి, తెల్లవారి 5.30కి ఆన్, 6కి ఆఫ్ అయ్యేలా ఫోన్‌లో వేళలు నిర్ణయించాను. మూడు వారాలు తిరిగేసరికి ప్లగ్ అంచు మాడి గోధుమ రంగుకు వచ్చింది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి సాకెట్ విప్పిస్తే రెండు సంగతులు బయటపడ్డాయి. ఫేజ్ వైరు పట్టి ఉంచే స్క్రూ వదులైంది. ఎర్త్ పిన్‌కు అసలు వైరే లేదు. అంటే పన్నెండేళ్లుగా ఎర్త్ లేని గీజర్ కిందే స్నానాలు చేస్తున్నాం. ఇన్నాళ్లూ మాకున్న రక్షణ మా అమ్మ అడిగే ఆ ప్రశ్న ఒక్కటే. దాన్ని కూడా నేను తీసేశాను.

అందుకే చెబుతున్నాను: పాత గీజర్‌ను స్మార్ట్ చేయడం తప్పు కాదు. కానీ అది చివర చేయాల్సిన పని. మనం మొదట చేస్తున్నాం.

అక్కడి రెండు తీగలు, ఇక్కడి గీజర్

ఈ ఉత్సాహం కొంతవరకు విదేశీ వీడియోల నుంచి, అక్కడున్న మనవాళ్ల మాటల నుంచి వస్తోంది. అమెరికాలో ఇంటినంతా వెచ్చబెట్టే బాయిలర్‌కు గోడ మీది థర్మోస్టాట్ ఆదేశం పంపుతుంది. చాలా ఇళ్లలో ఆ తీగల్లో ఉండేది 24 వోల్టులే. పాత థర్మోస్టాట్ ఒట్టి స్విచ్ కాబట్టి రెండు తీగలు సరిపోయేవి. స్మార్ట్ థర్మోస్టాట్‌కు తెర, వైఫై నడవాలంటే నిరంతరం కరెంటు కావాలి. అందుకే ‘కామన్ వైర్’ అనే మరో తీగ అవసరమవుతుంది. పాత ఇళ్లలో అది లేకపోవడమే అక్కడివారి పెద్ద తలనొప్పి. బ్రిటన్‌లో చాలా బాయిలర్ల థర్మోస్టాట్ తీగల్లో 230 వోల్టులు ఉంటాయి కాబట్టి అక్కడ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. రెండు చోట్లా ఒకటి మాత్రం సమానం. థర్మోస్టాట్ ‘వేడి కావాలి’ అని అడుగుతుంది, అంతే. మంటను అదుపు చేసే భారం బాయిలర్‌లోని సొంత పరికరాలదే.

మన గీజర్ సంగతి వేరు. 2000 వాట్ల గీజర్ 230 వోల్టుల దగ్గర సుమారు 8.7 ఆంపియర్లు లాగుతుంది. 3000 వాట్ల ఇన్‌స్టంట్ గీజర్ 13 ఆంపియర్లు లాగుతుంది. ఆ కరెంటంతా స్మార్ట్ ప్లగ్‌లోని చిన్న రిలే గుండానే పోవాలి. ఎక్కడైనా కనెక్షన్ వదులై 0.1 ఓమ్ నిరోధం ఏర్పడిందనుకుందాం. 8.7 ఆంపియర్ల దగ్గర అక్కడ దాదాపు 7.6 వాట్ల వేడి పుడుతుంది. ఒక ఎల్‌ఈడీ బల్బు వాడేంత శక్తి గోరంత చోట పోగవుతుందన్నమాట. 13 ఆంపియర్లయితే 17 వాట్లు. కరెంటు ఒకటిన్నర రెట్లయితే వేడి రెండుంబావు రెట్లవుతుంది. 10 ఆంపియర్ల ప్లగ్‌ను 3000 వాట్ల గీజర్‌కు పెట్టడం ఎందుకు ప్రమాదమో ఈ లెక్కే చెబుతుంది.

‘ఆఫ్’ అంటే నిజంగా ఆఫేనా?

గీజర్‌కు డీపీ స్విచ్ పెట్టమని అనుభవమున్న ఎలక్ట్రీషియన్లు ఊరికే చెప్పరు. అది ఫేజ్, న్యూట్రల్ రెండింటినీ తెంపుతుంది. చాలా స్మార్ట్ ప్లగ్‌లలోని రిలే ఒక్క తీగనే తెంపుతుంది. పాత ఇళ్లలో ఫేజ్, న్యూట్రల్ తారుమారై ఉండటం కొత్తేమీ కాదు. అలాంటి చోట ఫోన్‌లో ‘ఆఫ్’ అని కనిపించినా హీటింగ్ కాయిల్‌కు ఫేజ్ అందుతూనే ఉంటుంది. కాయిల్ పైపొర పగిలి, ఎర్త్ కూడా లేకపోతే ఆ కరెంటు నీళ్లలోకి, కుళాయిలోకి వస్తుంది.

అంతకన్నా నన్ను భయపెట్టేది టైమర్. స్నానం చేసే మనిషి లోపల ఉన్నాడో లేడో దానికి తెలియదు. ట్యాంకులో నీళ్లున్నాయో లేదో కూడా తెలియదు. బోరు ఎండి, పైన ట్యాంకు ఖాళీ అయిన రోజున, లోపల నీళ్లు లేని గీజర్‌ను ఆఫీసు నుంచి ఆన్ చేస్తే కాయిల్ కాలిపోవచ్చు. పైగా స్మార్ట్ ప్లగ్ నీటి ఉష్ణోగ్రతను కొలవదు. ఆ పని ఇప్పటికీ గీజర్‌లోని పాత థర్మోస్టాట్‌దే. అది పట్టేస్తే ఆదుకోవాల్సింది థర్మల్ కటౌట్. అదీ విఫలమైతే మిగిలేది ప్రెషర్ రిలీజ్ వాల్వ్. బోరు నీటి సున్నం పేరుకున్న పాత గీజర్‌లో ఇవన్నీ పనిచేస్తున్నాయో లేదో ఫోన్ చెప్పలేదు.

మరి లాభం లేదా?

ఉంది, కాదనను. 15 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 50 డిగ్రీలకు తేవడానికి సుమారు 0.44 యూనిట్లు చాలు. 2000 వాట్ల గీజర్‌కు అది 13 నిమిషాల పని. రోజంతా ఆన్‌లో వదిలేస్తే ట్యాంకు గోడల గుండా పోయే వేడిని మళ్లీ మళ్లీ నింపాలి. మరిచిపోయే అలవాటున్న ఇంట్లో టైమర్ నిజంగానే కరెంటు ఆదా చేస్తుంది. రోజులో వేర్వేరు వేళలకు వేర్వేరు విద్యుత్ ధరలుండేలా కేంద్రం 2023లో నిబంధనలు తెచ్చింది. ఆ పద్ధతి ఇళ్ల దాకా వస్తే, ఎండ వేళ సౌర విద్యుత్‌తో నీళ్లు కాచి దాచుకోవడానికి ఇలాంటి పరికరాలే కావాలి. గీజర్ అంటే ఒక రకంగా వేడిని దాచే బ్యాటరీ.

అయితే ఆ లాభం సరైన వైరింగ్ మీదే నిలబడుతుంది. నా దృష్టిలో వరుస ఇది: ముందు ఎర్త్ సరిచూడాలి. తర్వాత 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాలి. ఎంసీబీ ఉంది కదా అనుకోకూడదు. అది కాపాడేది వైరును. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. ఆపై డీపీ స్విచ్, 16 ఆంపియర్ల సాకెట్. కాయిల్ మీది సున్నం తీయించి, థర్మోస్టాట్, కటౌట్, వాల్వ్‌లను పరీక్షించాలి. కారుతోందని కొందరు వాల్వ్‌ను మూసేస్తారు. ఆ పని ఎన్నడూ చేయకూడదు. ఇవన్నీ అయ్యాకే స్మార్ట్ ప్లగ్.

అమ్మేవారి బాధ్యత కూడా ఉంది. గీజర్ బొమ్మ వేసి ప్లగ్ అమ్మేటప్పుడు, అది గంటల తరబడి ఎన్ని ఆంపియర్లు మోయగలదో, ఒక తీగనే తెంపుతుందో రెండింటినీ తెంపుతుందో పెట్టె మీద తెలుగులో రాయాలి. అద్దె ఇళ్ల యజమానులు వైఫై ఉందని చెప్పడానికి ముందు ఎర్త్ ఉందో లేదో చూపించాలి.

మా ఇంట్లో ఇప్పుడు ఎర్త్ వైరు, ఆర్‌సీసీబీ, డీపీ స్విచ్ వచ్చాయి. టైమర్ కూడా ఉంది. అయినా అమ్మ అడగడం మానలేదు. మానమని నేనూ చెప్పలేదు.